ఫ్లెక్సీలో పెద్దమనిషి

ఆ రోజు పొద్దున రమ్యశ్రీ వేసుకున్న పథకం చాలా చిన్నది. మధ్యాహ్నం నంద్యాల బస్సు కదిలేలోగా నారాయణ ఫ్లెక్సీ పూర్తి చెయ్యాలి. ఆ తర్వాత, దేవుడు చల్లగా చూసి అంగడికి ఎవరూ రాకపోతే, గూండా ఎడమకాలి కింద నీడ వెయ్యాలి.

గూండా అంటే బనగానపల్లె వీధుల్లో తిరిగేవాడు కాదు. కంప్యూటర్లో ఆడే ఒక తుపాకుల ఆటలో ఉంటాడు. ఆట మొదలైన కాసేపటికే ఒక గోదాము తలుపు దగ్గర కనిపించి, ఆడేవాడి చేతిలో తూటా తిని కిక్కురుమనకుండా పడిపోతాడు. వాడికి పేరు లేదు, చెప్పుకోవడానికి ఒక్క మాటా లేదు. ప్రపంచంలో లక్షలమంది వాణ్ణి చంపి ముందుకు పోయారే తప్ప, వాడి మొహం కేసి తేరిపార చూసిన పుణ్యాత్ముడు లేడు. రమ్యశ్రీ చూసింది. చూసి, ఇంత నిండైన మొహం పెట్టుకుని ఇదేం చావురా అని జాలిపడింది.

అది రెండువేల ఎనిమిది. ఆటల్లోని మనుషుల బొమ్మల్ని బయటికి తీసి, తోలుబొమ్మల్లా కీలుకీలూ వంచి నిలబెట్టి, మొహంలో కోపమో నవ్వో తెప్పించి, ఆ దృశ్యాన్ని ఫోటోగా పట్టి, దానికి పొగా దుమ్మూ వెలుతురూ అద్దే పిచ్చి ఒకటి ఇంటర్నెట్టులో లోకమంతా పాకి ఉండేది. పోలండు నుంచి బ్రెజిల్ దాకా ఉన్న ఆ పిచ్చివాళ్ల గుంపులో బనగానపల్లె తరఫున రమ్యశ్రీ ఒక్కతే. తక్కినవాళ్లంతా కూలిన మేడలూ పేలే బాంబులూ చేస్తుంటే, ఆమె మాత్రం గూండా చేతిలో తుపాకి లాగేసి, ఒంటికి తెల్లచొక్కా, భుజానికి కండువా వేసింది. మూతి మీద ఒక్కొక్క వెంట్రుకా గీసి మీసం పెట్టింది. పొద్దుగూకే వేళ మామిడితోటలో నిలబెట్టి, ఆకుల సందుల్లోంచి పడే ఎండను వాడి బట్టతల మీద చిలకరించింది. ఇక మిగిలింది కాలి కింద నీడ ఒక్కటే. నీడ సరిగ్గా పడకపోతే మనిషి గాల్లో తేలుతున్నట్టుంటాడు. ఆ గుంపులో మొదట పట్టుకునే తప్పు అదే.

ఈ పనంతా జరిగేది వాళ్ల నాయన అంగట్లోనే. నాగసుబ్బయ్య మొదట్లో శుభలేఖలు అచ్చువేసేవాడు. ఊరు ఫ్లెక్సీల మీద పడ్డాక తానూ వాటి మీద పడి, భార్య సుందరలక్ష్మి పేరు కలిసొచ్చేట్టు 'సుందర ఫ్లెక్స్' అని బోర్డు పెట్టాడు. డిజైను ఇక్కడ, ప్రింటు నంద్యాలలో. సీడీ బస్సులో పోతుంది, ఫ్లెక్సీ చుట్ట బస్సులో వస్తుంది. డిజైను చేసేది డిగ్రీ అయిపోయి ఇంటి పట్టున ఉన్న కూతురు. ఇంటి నుంచి అంగడికి, అంగడి నుంచి ఇంటికి తప్ప వేరే దావ లేని రమ్యశ్రీకి ఆ కంప్యూటరే ఊరు, దేశం, స్నేహితులు, పేరు ప్రతిష్ఠలు, సమస్తం.

ఆ సమస్తానికీ ఇప్పుడు ఎసరు వచ్చి ఉంది. కిందటి నెల ఒక పెద్దాయన సంస్మరణ ఫ్లెక్సీలో రమ్యశ్రీ ఆయన తల వెనక బంగారు కిరణాలు, నడుం దగ్గర తెల్లని పొగ పెట్టింది. స్వర్గంలో మబ్బులని ఆమె ఉద్దేశం. పెద్దాయన కొడుకులు అంగడి మీదికొచ్చి, "మా నాయన యాడ కాల్తాండాడని సూపిచ్చినావు శెట్టీ?" అని నలుగురూ వినేట్టు అడిగారు. నాగసుబ్బయ్య జీవితంలో మాట పడ్డవాడు కాదు. ఆ రోజే తేల్చి చెప్పాడు.

"ఇంగొక్కరంటే ఒక్కరు ఈ అంగట్లోకి వచ్చి 'ఇది తప్పు' అన్నారంటే, ఈ కంప్యూటర్ను కర్నూలుకు ఏసకపోయి అమ్మేస్తా. ఈ జాగాలో మ్యాచింగ్ సెంటర్ పెడతా. జాకెట్టు గుడ్డల్లోంచి పొగ రాదు."

ఆయన ఊరికే బెదిరించే మనిషి కాదు. జాకెట్టు గుడ్డలు పెట్టడానికి గోడ కొలత కూడా తీసుకున్నాడు.

కాబట్టి ఆ పొద్దున నారాయణ మేనల్లుడు భూపేష్ ఫోటోల కవరు తెచ్చినప్పుడు రమ్యశ్రీ చాలా ఒద్దికగా అందుకుంది. నారాయణ పేరున్న మామిడి రైతు. మామిడి రైతుల సంఘానికి అధ్యక్షుడు కావాలని చూస్తున్నాడు. ఆదివారం మార్కెట్ యార్డులో సర్వసభ్య సమావేశం, అక్కడే ఎన్నిక. ఫ్లెక్సీలో పైన ఆయన నిలువెత్తు ఫోటో, కింద వరసలో ఆయన మనుషుల తలకాయలు. ఆ సీమలో ఫ్లెక్సీ కింద వరస చూస్తే ఎవరు ఎవరి పక్కనున్నారో జనానికి అర్థమైపోతుంది. అందులో మొహం లేనివాడికి ఊళ్లో మొహం లేనట్టే.

"రమ్యా, కింద వరసలో మామకు దగ్గరగా ఒక చోటు ఖాళీ పెట్టు," అన్నాడు భూపేష్.

"ఎవరికి అన్నా?"

"ఎవరికైతే ఏమి? ఆఖరి గడియలో ఎవరో ఒక పెద్దమనిషి మన పక్కకు రాకపోతాడా? వచ్చినాక చోటు లేదంటే బాగుండదు గదా. మధ్యాహ్నానికి నేను ఫోన్ చెయ్యకపోతే ఆడ మామిడికాయ బొమ్మ పెట్టెయ్."

మధ్యాహ్నమైంది. భూపేష్ ఫోన్ చెయ్యలేదు. ఖాళీ చోటు బోసిగా, పన్ను ఊడిన నోరులా ఉంది. తల ఎంత సైజు పడుతుందో చూద్దామని రమ్యశ్రీ పక్కన తెరిచి ఉన్న బొమ్మలోంచి గూండా తలను కత్తిరించి అక్కడ పెట్టింది. బాగా కుదిరింది. అంతలో బయటి నుంచి నాగసుబ్బయ్య కేక పెట్టాడు.

"ఏం పాపా, ఇంగా ఏం చేస్తాండావు? బస్సోడు హారన్ కొడ్తాండాడు!"

ఆ కేకకు ఆమె గబగబా సీడీ రాసి నాయన చేతిలో పెట్టింది. బస్సు దుమ్ము లేపుకుంటూ పోయింది. హమ్మయ్య అనుకుని గూండా కాలి కింద నీడకు కూర్చుంది. నీడ అద్భుతంగా కుదిరింది. మామిడికాయ మాత్రం ఆమెకు గుర్తు రాలేదు.

నంద్యాల నుంచి వచ్చిన చుట్టను భూపేష్ మనుషులు బస్సు దగ్గరే దించుకుని, విప్పీ విప్పకుండానే బస్టాండు సెంటర్లో కట్టేశారు. మరునాడు పొద్దున్నే పూలకని బయల్దేరిన రమ్యశ్రీ దాని కింద ఆగి తల ఎత్తి చూసింది.

కింద వరసలో తక్కినవాళ్ల ఫోటోలన్నీ వాళ్లు ఏ కాగితాల మీంచి పీక్కొచ్చి ఇచ్చారో ఆ స్థితిలోనే ఉన్నాయి. ఒకాయన కళ్లు మూసుకున్నాడు. ఒకాయన బుగ్గ మీద ఆఫీసు ముద్ర సగం ఉంది. ఇంకొకాయనను పెళ్లి గ్రూపు ఫోటోలోంచి కత్తిరించారు, భుజం మీద ఎవరిదో చెయ్యి మిగిలిపోయింది. వాళ్ల నడుమ గూండా ఒక్కడే మీసంలో వెంట్రుక వెంట్రుకా కనబడేట్టు, బట్టతల మీద సాయంకాలపు ఎండతో, లోకం బాగోగులన్నీ ఎరిగినవాడిలా చూస్తున్నాడు. అందరి కిందా పేర్లున్నాయి. వాడి కింద లేదు.

టీ అంగడి ముందు ఇద్దరు రైతులు గ్లాసులు పట్టుకుని పైకి చూస్తున్నారు.

"ఎవరప్పా ఆ మీసాలన్న?" అన్నాడొకడు.

"తెలీదా?" అన్నాడు రెండోవాడు, తనకూ తెలియకపోయినా. "పేరు గూడా ఎయ్యలేదు సూడు. పేరు ఎయ్యాల్సిన పని లేనంత మనిషన్నమాట."

రమ్యశ్రీ పూలు కొనకుండానే అంగడికి పరుగెత్తింది. భూపేష్ వస్తాడు, ఇది తప్పు అంటాడు, నాయన వింటాడు, కంప్యూటర్ కర్నూలు పోతుంది. ఆమె ఇంకా కుర్చీలో కూర్చోకముందే భూపేష్ రానే వచ్చాడు. నాగసుబ్బయ్య గుమ్మం దగ్గర ఊదుబత్తి వెలిగిస్తున్నాడు. భూపేష్ ఆయనను దాటుకుని లోపలికొచ్చి, గొంతు తగ్గించి అడిగాడు.

"రమ్యా, ఆ మీసాల అన్న ఫోటో నీకు ఎవరు తెచ్చిచ్చినారు?"

నిజం చెప్పడానికి నోరు తెరిచింది. ఊదుబత్తి పట్టుకున్న నాయన వీపు కనిపించింది. "ఎవరో వచ్చి ఇచ్చిపోయినారన్నా," అంది.

భూపేష్ మొహం చిన్నబోయింది. "మామే పంపించింటాడు. నాతో ఒక్కమాట చెప్పలేదు సూడు. అంత పెద్దమనిషిని కలుపుకున్యాడు, ఇంట్లో వాళ్లకు చెప్పడు." తేరుకుని, "నేను అడిగినానని మామతో అనొద్దు. నాకు తెలిసినట్టే ఉండనీ," అని వెళ్లిపోయాడు.

అక్కడ నారాయణ ఏమనుకున్నాడంటే, మేనల్లుడు ప్రయోజకుడైనాడని. ఈ సంగతి మధ్యాహ్నం సుందరలక్ష్మి ద్వారా తెలిసింది. పచ్చడికి మామిడికాయలు తెద్దామని నారాయణ ఇంటికి పోయిన ఆమె, సంచి దించకుండానే చెప్పడం మొదలుపెట్టింది.

"మామా అల్లుడూ ఎదురుబొదురు కూసొని అన్నం తింటాండారే. 'పని బాగా చేసినావురా' అంటాడు ఆయన. 'అంతా నీ చలవే మామా' అంటాడు ఈ పిల్లోడు. ఆ అన్న పేరేందని నేనడిగితే ఇద్దరూ ఒకేసారి మజ్జిగ తాగబట్రి. ఆఖరికి ఓబులమ్మక్కే చెప్పింది."

ఓబులమ్మ నారాయణకు అక్క. ఇంట్లో పెద్దది.

"ఏం చెప్పింది?" అంది రమ్యశ్రీ.

"గండికోట పక్క వాళ్ల పెద్దనాయన మనవడంట. చిన్నప్పుడు ఆయమ్మే చంకనేసుకుని తిప్పిందంట. మెడ కాడ గాటు ఉండాది సూడు, అది రేగుచెట్టు మింద నుంచి పడినప్పటిదంట."

ఆ గాటు రమ్యశ్రీ పెట్టింది. ఒక బుధవారం, ఏమీ తోచక.

అలా పొద్దున 'వాడు'గా ఉన్న గూండా పొద్దు వాలేసరికి 'ఆయన' అయ్యాడు. నారాయణ పక్కన ఎవరో చాలా పెద్దమనిషి చేరాడన్న మాట ఊరంతా పాకింది. పాకిన మాట చేరవలసిన చోటికి చేరింది. మరునాడు రాఘవేంద్రప్రసాద్ స్వయంగా సుందర ఫ్లెక్స్ మెట్లెక్కాడు. ఆయన మామిడి మండీ యజమాని, అధ్యక్ష పదవికి నారాయణతో పోటీ. కుర్చీలో కూర్చుని, ఫ్యాను వైపు చూస్తూ, ఏమీ పట్టనట్టు మొదలుపెట్టాడు.

"సుబ్బయ్యా, నాకూ ఒక ఫ్లెక్సీ కావాల. నారాయణ దానికంటే పెద్దది. అన్నను నా పక్కన పెట్టల్ల."

"ఏ అన్న?" అంది రమ్యశ్రీ.

"ఇంగే అన్న? ఆ అన్నే. నారాయణ ఏదో మాయచేసి ఫోటో పెట్టుకున్యాడు గాని, ఆయన మొదట్నించి మా మనిషి. మొన్న మహానందిలో కోనేరు కాడ కలిసినాడు. ఇద్దరం కూసొని ఉగ్గాని తిన్యాం. మిరపకాయ బజ్జి మాత్రం ముట్టలేదు. కడుపులో మంటంట."

గూండా కడుపులో ఏముందో రమ్యశ్రీకంటే ఎరిగినవాళ్లు లేరు. బొమ్మ లోపల అంతా బోలు.

"ఆ ఫోటో కాదు. దండం పెట్టేది ఎయ్. నా తట్టు తిరిగి దండం పెడ్తా ఉండల్ల," అన్నాడు రాఘవేంద్రప్రసాద్.

"అట్లాంటిది లేదండీ."

"ఉంటాది. ఎతుకు పాపా."

"రేపటికి ఉంటాది ప్రసాదూ," అని నాగసుబ్బయ్య మధ్యలో కలగజేసుకుని బేరం ముగించాడు.

గూండాకు దండం పెట్టించడం నోటితో చెప్పినంత సులువు కాదు. రెండు చేతులూ దగ్గరికి తెస్తే మోచేతులు పక్కటెముకల్లోకి దిగబడిపోతాయి. మోచేతులు సరిచేస్తే అరచేతులు ఒకదాంట్లోంచి ఒకటి దూరిపోతాయి. వేళ్లు ఒక్కొక్కటే వంచాలి. తుపాకి పట్టడం తప్ప వేరే పని ఎరుగని వేళ్లు, ఎంత చెప్పినా చూపుడువేలు ట్రిగ్గర్ నొక్కుతున్నట్టే లోపలికి ముడుచుకుంటుంది. భయంతో మొదలుపెట్టిన రమ్యశ్రీ పనిలో పడ్డాక భయం మరిచిపోయింది. అదే ఆమెలో ఉన్న జబ్బు. కనుబొమలు కొంచెం లేపి, పెదవి చివర వినయం చూపించి, చేతుల నీడ చొక్కా మీద పడేట్టు దిద్ది వెనక్కి వాలి చూసుకునేసరికి, కళ్లెదుట కన్నబిడ్డ నమస్కారం చేస్తున్నంత ముచ్చటేసింది.

ఆ ఫ్లెక్సీ లేచిన పూటే నారాయణ వచ్చాడు. ఈసారి మేనల్లుణ్ణి నమ్మలేదు.

"ఏం శెట్టీ, అన్న వాళ్ల దాంట్లో దండం పెడ్తాడా? మా దాంట్లో ఊరికే సూస్తాడా? ఏం బాగుండాది? నిన్న ఫోన్లో నాతో అంతసేపు మాట్లాడినాడే, ప్రసాద్ ముసలెద్దు, వాని మాట తీసెయ్ అన్యాడే!" అని, రమ్యశ్రీ వైపు తిరిగి, "అన్న నా భుజం మింద చెయ్యేసిన ఫోటో ఉంటాది, అది పెట్టమ్మా," అన్నాడు.

ఉంటాది అని ఆయన అన్నాక ఉండక తప్పలేదు. నారాయణ నిలువెత్తు ఫోటో పక్కన గూండాను నిలబెట్టి, చెయ్యి చాపి, భుజం మీద ఆనించి, అరచేతి బరువుకు చొక్కా కొంచెం నలిగినట్టు మడతలు వేసింది. సాయంత్రం వచ్చిన నారాయణ దాన్ని దగ్గర నుంచి ఒకసారి, దూరం నుంచి ఒకసారి చూశాడు.

"ఇది మా తోటలో తీసిందే," అన్నాడు చివరికి, మురిసిపోతూ. "ఆ రోజు ఎండ శానా ఉండె. అన్న కొబ్బరినీళ్లు గూడా తాగినాడు."

తర్వాత పట్టపగ్గాల్లేవు. ఎరువుల అంగడివాళ్లకు అన్న శుభాకాంక్షలు కావాలి. ట్యూషన్ సెంటర్‌వాళ్లకు అన్న పిల్లల్ని దీవించాలి. ఒక సెలూన్ అతను అన్న మీసం తన చేతి చలవేనని ఫ్లెక్సీ వేయించుకున్నాడు. నాగసుబ్బయ్య అంగట్లో పండగ వాతావరణం. జాకెట్టు గుడ్డల మాట ఎత్తడం మానేశాడు. ఆయన నవ్వు చూసినప్పుడల్లా రమ్యశ్రీకి అన్నం సయించేది కాదు. ఒక్క ఫ్లెక్సీ తప్పయితేనే కంప్యూటర్ అమ్మేస్తానన్న మనిషికి ఊరంతా కట్టినవన్నీ తప్పేనని తెలిస్తే, కంప్యూటర్తో పాటు తననూ కర్నూలు బస్సెక్కిస్తాడు.

ఆదివారం రానే వచ్చింది. మార్కెట్ యార్డులో షామియానా కింద రైతులు కిక్కిరిసి కూర్చున్నారు. వేదిక మధ్యలో ఒక పెద్ద కుర్చీ, దాని మీద తువ్వాలు, పక్కన రోజాపూల దండ. అది అన్న కోసం. మైకులో, "మరి కాసేపట్లో అన్న విచ్చేస్తున్నారు," అని భూపేష్ ఒకసారి, ప్రసాద్ మనిషి ఒకసారి పోటీలు పడి చెప్తున్నారు. అన్నను తేవడానికి నారాయణ కడప దావకు జీపు పంపాడు. ప్రసాద్ కర్నూలు దావకు కారు పంపాడు. రెండూ ఖాళీగానే తిరిగొచ్చాయి.

ఎండ నడినెత్తికొచ్చింది. దండలో పూలు వాడిపోయాయి. జనం గొణగడం మొదలైంది. అప్పుడు నారాయణకు ఒక అనుమానం కలిగింది. లేచి నిలబడ్డాడు.

"ప్రసాదూ, మా అన్నను యాడ దాచిపెట్టినావు?"

"నేను దాచిపెట్టినానా? నా కార్లో ఎక్కాల్సినోడ్ని దావలోనే ఎత్తకపోయి, మల్ల నన్నే అడుగుతాండావా?"

"ఎలక్షన్ దినం మనిషిని ఎత్తకపోయే బుద్ధి మీదప్పా, మాది కాదు!"

అంతే. ఈ పక్క వాళ్లు లేచారు, ఆ పక్క వాళ్లు లేచారు. మామిడి గంపలు కాళ్ల కింద నలిగాయి. ఎవడో షామియానా గుంజ పెకలించాడు. ఇంకెవడో కుర్చీ తలపైకెత్తాడు. భూపేష్ చొక్కా అప్పటికే చిరిగింది.

ఆడవాళ్ల వరసలో తల్లి పక్కన కూర్చున్న రమ్యశ్రీ లేచి నిలబడింది. ఆటలో గూండా ఎంతమంది చేతిలోనైనా చస్తాడు, మళ్లీ లేస్తాడు. ఇక్కడ వాడి పేరు మీద ఒక తల పగిలితే ఆ తల మళ్లీ అతుక్కోదు. కంప్యూటర్ పోతే పోనీ అనుకుంది. అనుకోగానే ఏడుపొచ్చింది. ఏడుస్తూనే వేదికెక్కి మైకు లాక్కుంది.

"ఆగండి! ఎవరూ ఎవర్నీ ఎత్తకపోలేదు. ఆ మనిషి అసలు పుట్టనేలేదు. అది కంప్యూటర్ ఆటలో బొమ్మ. మీసాలు పెట్టింది నేను. చొక్కా తొడిగింది నేను. చేతులు వంచి దండం పెట్టించింది నేను. మామిడికాయ పెట్టాల్సిన చోట మరిచిపోయి వాణ్ణి పెట్టినా. తప్పు నాది. క్షమించండి."

ఎత్తిన కుర్చీ ఎత్తినట్టే ఆగింది. అప్పుడు ఓబులమ్మ కొంగు బిగించి లేచింది.

"పుట్టలేదా? నేను చంకనేసుకుని తిప్పినోడు పుట్టకుండా ఎట్లుంటాడే?"

జనం తల ఊపారు. నిజమే, ఆమె అబద్ధమెందుకు చెప్తుంది? అందరూ నారాయణ వైపు చూశారు. అన్నతో ఫోన్లో మాట్లాడినవాడు ఆయన, తోటలో కొబ్బరినీళ్లు తాగించినవాడు ఆయన. తర్వాత రాఘవేంద్రప్రసాద్ వైపు చూశారు. మహానందిలో ఉగ్గాని తిన్నవాడు ఆయన. ఎన్నో ఏళ్ల తర్వాత ఆ ఇద్దరూ మొదటిసారి ఒకరి కళ్లలోకి ఒకరు చూసుకున్నారు. పిల్ల చెప్పింది నిజమైతే ఊరందరి ముందూ ఇద్దరి పరువూ ఒకే సంచిలో పోతుంది.

"పాపకు ఎండ తగిలింది," అన్నాడు రాఘవేంద్రప్రసాద్ మెల్లగా.

"ఔనౌను, మజ్జిగ ఇయ్యండప్పా. నిమ్మకాయ పిండి ఇయ్యండి," అన్నాడు నారాయణ. సంఘం పుట్టిన తర్వాత ఆ ఇద్దరికీ ఒక మాట మీద పొత్తు కుదరడం అదే మొదలు.

ఎవరో మజ్జిగ గ్లాసు తెచ్చి రమ్యశ్రీ చేతిలో పెట్టారు. ఆమె దాన్ని పట్టుకుని, దిక్కుతోచక, ముందు వరసలో ఉన్న తండ్రి వైపు చూసింది. "నాయనా, నువ్వన్నా చెప్పు. వాడు బొమ్మే గదా?"

నాగసుబ్బయ్య నిదానంగా లేచాడు. కండువా సర్దుకున్నాడు. యార్డు నిండా ఉన్న జనాన్ని ఒకసారి కలయజూశాడు. అందులో సగంమంది ఆయన అంగట్లో ఫ్లెక్సీ వేయించుకున్నవాళ్లు, తక్కిన సగం వేయించుకోబోయేవాళ్లు.

"అన్న మా అంగడికొచ్చినాడు," అన్నాడు. "నేనే టీ తెప్పించినా. చక్కెర తక్కువెయ్యమన్యాడు."

జనం ఊపిరి పీల్చుకున్నారు. కుర్చీ కిందికి దిగింది. గుంజ మళ్లీ గుంతలోకి పోయింది. ఇక పోటీ మాట ఎత్తడం ఎవరివల్లా కాలేదు. అన్న తనవాడని ఇద్దరూ ఊరంతా చాటుకున్నాక, అన్నను కాదని అధ్యక్ష పదవికి నిలబడే మొహం ఎవరికుంది? నారాయణే మైకు తీసుకుని అన్న పేరు ప్రతిపాదించాడు. పేరు తెలియదు కాబట్టి 'మన అన్న' అన్నాడు. రాఘవేంద్రప్రసాద్ బలపరిచాడు. ఇద్దరూ ఉపాధ్యక్షులుగా ఉండి అన్న ఆజ్ఞ శిరసావహిస్తామన్నారు. చప్పట్లతో షామియానా ఊగిపోయింది. సంఘం చరిత్రలో మొదటిసారి అధ్యక్షుడు ఏకగ్రీవంగా ఎన్నికయ్యాడు. వాడిన దండను భక్తిగా కుర్చీకే వేశారు.

తండ్రీ కూతుళ్లు యార్డు నుంచి అంగడికొచ్చారు. అంగడి తలుపు తీసి నాగసుబ్బయ్య నేరుగా కంప్యూటర్ దగ్గరికి పోయి, దాని మీద చెయ్యేసి నిలబడ్డాడు. రమ్యశ్రీ గుడ్ల నీళ్లు కుక్కుకుంటూ, "ఎప్పుడు ఏసకపోతావు నాయనా?" అంది.

"యాడికి?"

"కర్నూలుకు. అమ్మేదానికి."

"ఎందుకు అమ్మాల? ఒకరన్నా వచ్చి తప్పు అంటే అమ్ముతానంటి. ఎవరన్నా అన్యారా?" నాగసుబ్బయ్య కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. "వాడు తుపాకి పట్టుకున్నప్పటి నుంచి నీ వెనకాల నిలబడి సూస్తానే ఉండా గదే. బస్టాండులో మొదటి దినమే గుర్తుపట్టినా. ఎవరో ఒకరు వస్తారు, కొట్లాడతారు అని సూసినా. ఒక్కడూ రాలేదు. నువ్వే పోయి మైకులో బొమ్మ అని చెప్పినా నమ్మినోడు లేడు. అంత బాగా చేసినాక నేను లేచి కాదంటే, పనితనం తెలీనోడు అంటారు నన్ను."

రమ్యశ్రీకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. బొమ్మలు చేసేవాళ్లకు ఇంతకు మించిన మెప్పు పోలండులో గానీ బ్రెజిల్లో గానీ దొరకదని ఆమెకు తెలుసు. ఆ మెప్పు తనదని చెప్పుకుంటే మజ్జిగిస్తారనీ తెలుసు. ఆ రెండో సంగతికి కొంచెం బాధపడి, మొదటి సంగతికి చాలా సంతోషించి, కళ్లు తుడుచుకుంది. నాగసుబ్బయ్య కంప్యూటర్ బల్లను స్వయంగా జరిపి ఫ్యాను కిందికి తెచ్చాడు. "చెమట పడ్తే వేళ్లు జారుతాయి. ఉగాదికి అన్న పంచాంగం సూస్తా ఉండల్లంట, భూపేష్ చెప్పిపోయినాడు," అన్నాడు.

తర్వాత అన్న పదవిలో ఉన్నన్నాళ్లూ సంఘం సమావేశాలకు ఒక్కసారీ రాలేదు. అంతకుముందు అధ్యక్షులూ వచ్చేవాళ్లు కాదు కాబట్టి అది ఎవరికీ తప్పుగా తోచలేదు.